నీళ్ళు తగ్గేదాకా

తాళాల గుత్తిలో పదకొండు ఉన్నాయి.
తొమ్మిదింటి తలుపులు తెలుసు.
మిగతా రెండూ ఎక్కడివో
నాకు ముందున్న డాక్టరుకీ తెలియదట.
గుత్తంతా ముబితా చేతిలో పెట్టాను.
తెలియని రెండింటినీ
అతను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఆరు నెలలు.
కాగితం మీద సెలవు అని ఉంది.
సెలవంటే ఊరికొక చర్చిలో నిలబడి
ఫోటోలు చూపించి
వార్డు పైకప్పు రేకులకి డబ్బులడగడం.
పుచ్చిన పన్ను పీకించుకోవడం.
అన్నయ్య చేసుకున్న రెండో ఆవిడ ముందు
మర్యాదగా కూర్చోవడం.

ఇవాళ ఇంకా మంగళవారమే.
మంగళవారం వంకర పాదాల పిల్లలది.
లికాండోకి ఇది నాలుగో పిండికట్టు.
ఆరేదాకా వాడి మడమ నా అరచేతిలో,
నా చెవి వాడి పిడికిట్లో,
అదీ మా ఒప్పందం.
ఐదోది నసిలెలె కడుతుంది.
నీ చేతులు నావాటికన్నా మెత్తన, అన్నాను ఆమెతో.
ఆ ఒక్కమాటకి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

నోటుపుస్తకంలో రాస్తూ పోతున్నాను.
టీకాల ఫ్రిజ్ తలుపు మోకాలితో నెట్టాలి, చేత్తో పడదు.
జనరేటరు మూడోసారికి గాని అందుకోదు,
తిట్టినా మూడోసారే.
అకుఫునా తాత క్షయ మాత్ర మింగినట్టే మింగి
బుగ్గలో దాస్తాడు.
నీళ్ళు తాగించి, ఒక పాట పాడించండి.
ఎక్స్‌రే మిషను లేదు గనక
దాని సంగతి రాయనక్కర్లేదు.

నమకావు, అని రాసి కొట్టేశాను.
ఆమెకిప్పుడు ఏ జాగ్రత్తా అక్కర్లేదు.
రెండు సీసాల నెత్తురు కావలసిన రాత్రి
మా దగ్గర ఒకటే ఉంది.
అయినా ఏ జాబితా రాసినా
చెయ్యి ఆ పేరు దాకా పోయి
అక్కడ కాసేపు కూర్చుంటుంది.

తలుపు వెనక మేకుకి
పాత డాక్టరు వానకోటు ఇంకా వేలాడుతోంది.
ఆయన కూడా ఆరు నెలలనే వెళ్ళాడు.
వానొస్తే ముబితా వేసుకుంటాడు,
తడి దులిపి మళ్ళీ ఆ మేకుకే తగిలిస్తాడు.
ఎవరూ దాని గురించి మాట్లాడరు.
ఈ వారమంతా అందరూ దాని వంకే చూస్తున్నారు,
లేదా నాకలా అనిపిస్తోంది.

ఇనొంగె ఎండుచేపలు తెచ్చింది,
మూత బిగుతైన బుట్టలో.
సరిహద్దు దగ్గర లాక్కుంటారమ్మా, అన్నాను.
లాక్కున్నవాళ్ళు తింటారుగా, పారేయరుగా, అంది.
తర్వాత అరుగు మీద చతికిలబడి
లియాంబాయి నది వైపు గడ్డం చాపింది.
ఏటి మైదానం అప్పటికే సగం మెరుస్తోంది.
రేపోమాపో మేమూ కదులుతాం మిట్టకి,
చాపలూ కోళ్ళూ పొయ్యిరాళ్ళూ పడవల్లో వేసుకుని.
నీళ్ళు తగ్గాక వస్తే
రెండు గోడలుంటాయి, రెండు ఉండవు.
ఉన్నవాటికి ఆనించి మళ్ళీ మెత్తుతాం.
నువ్వూ నీళ్ళు తగ్గాకే కదా వచ్చేది?
అవునన్నాను.
అయితే ఇందులో ఏముంది, అని
తన మోకాలు చూడమని ముందుకు చాపింది.

తెల్లారింది. వెళ్ళొస్తానని అందరికీ చెప్పడం అయింది.
రేవులో సితాలి పడవలోంచి నీళ్ళు తోడిపోస్తున్నాడు.
రాత్రే స్టెతస్కోపు తీసి
నసిలెలె మెడలో వేశాను, ఆమె వద్దంటున్నా.
పెట్టె పట్టుకుని బయటికొస్తే
వరండాలో అప్పుడే పాతికమంది.
నేను వెళ్తున్నానని వీళ్ళకి ఎవరూ చెప్పలేదో,
చెప్పినా దగ్గు ఆగదు గనక వచ్చారో.
ముందున్న కుర్రవాడు లేచి
చొక్కా విప్పి వీపు చూపించాడు.

సితాలి తెడ్డుతో పడవ అంచు మీద కొట్టాడు,
ఒకసారి.
ఆగి, మళ్ళీ.

పెట్టె కింద పెట్టాను.
వంగి, ఎముకలు తేలిన ఆ వీపుకి
ఉత్త చెవి ఆనించాను.
ఊపిరి తీసుకో, అన్నాను,
గట్టిగా,
ఇంకోసారి.